కంటికి కాపలా ఉండే నరం: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో ఒక కంటి క్లినిక్‌లో 14 ఏళ్ళుగా ఆప్టోమెట్రిస్టుగా పనిచేస్తున్నాను. చూపు పరీక్షకని వచ్చి కుర్చీలో కూర్చున్నవాళ్ళు అద్దాల గురించి రెండు ప్రశ్నలు అడిగితే మంట గురించి, పోటు గురించి, కన్ను వెనక లాగుడు గురించి పది అడుగుతారు. ఆ పదింటిలో సగానికి పైగా జవాబు ఒకే నరం దగ్గర దొరుకుతుంది. దాని పేరు ఆఫ్తాల్మిక్ నరం. బయట ఇంకో ఇరవై మంది కూర్చుని ఉండగా కుర్చీ దగ్గర తీరిగ్గా చెప్పలేకపోయినవి ఇక్కడ రాస్తున్నాను.

కంటి నరం అంటే చూపు నరమే కదా?

కాదు. చూపును మోసుకెళ్ళేది రెండో కపాల నాడి, అంటే ఆప్టిక్ నరం. గ్లకోమాలో దెబ్బతినేది అదే. ఆఫ్తాల్మిక్ నరం ఐదో కపాల నాడికి చెందింది. ఆ ఐదో నాడికి మూడు పాయలు ఉన్నాయి కాబట్టి మన పాఠ్యపుస్తకాల్లో త్రిధార నాడి అన్నారు, చక్కటి పేరు. పై పాయ కంటికి, నుదుటికి. నడి పాయ చెంపకి, పై పళ్ళకి. కింది పాయ దవడకి.

ఆఫ్తాల్మిక్ నరానికి వెలుగు తెలీదు, రంగు తెలీదు. తెలిసిందల్లా స్పర్శ, నొప్పి, వేడి, చలువ. చీకటి గదిలో కళ్ళు మూసుకుని పడుకున్నా రెప్ప మీద చీమ పాకితే తెలుస్తుంది చూడండి, అదీ దీని పని. కనుగుడ్డును తిప్పేది కూడా ఇది కాదు, అందుకు మూడు, నాలుగు, ఆరు నాడులు ఉన్నాయి. రెప్ప మూసేది ఏడోది.

ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన నన్ను నిలదీశారు: "చూపు బాగుందంటావు, నరం పాడైందంటావు, ఏది నిజం తల్లీ?" రెండూ నిజమే. అక్షరాల బోర్డు మీద ఆఖరి వరుస దాకా చదివారు, కానీ కుడి కంటికి దూది తగిలినా ఆయనకి తెలియలేదు.

ఈ నరం ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్తుంది?

మెదడు నుంచి బయలుదేరి కంటికి వచ్చినట్టు పుస్తకాల్లో రాస్తారు. కబురు మాత్రం ఎదురు దిక్కులో, కంటి నుంచి మెదడుకు నడుస్తుంది. కండరాన్ని కదిలించే పోగు ఈ నరానికి సొంతంగా ఒక్కటీ లేదు. అందుకే నేను కబురు నడిచే దిక్కులోనే చెబుతాను.

నుదుటి చర్మం, పై రెప్ప, కనుగుడ్డు, ముక్కు దూలం, వీటన్నిటి నుంచి వచ్చిన సన్నటి పోగులు కంటి గూటిలో మూడు కొమ్మలుగా చేరతాయి. గూటి వెనక ఎముకలో ఒక చీలిక ఉంటుంది. మూడు కొమ్మలూ ఆ చీలికలోంచి పుర్రె లోపలికి దూరి ఒక్క కాండం అవుతాయి. ఆ కాండం పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు, అంటే అంగుళం. త్రిధార నాడి పాయలు మూడింటిలో ఇదే సన్నది.

ఆ అంగుళం దూరం కావెర్నస్ సైనస్ అనే చెడు రక్తపు మడుగు బయటి గోడలో ఒదిగి నడుస్తుంది. ఇరుగు పొరుగు చాలా ముఖ్యమైనవాళ్ళు. పైన మూడో నాడి, నాలుగో నాడి, కింద తన తోబుట్టువైన నడి పాయ, మడుగు మధ్యలో మెదడుకు రక్తం తీసుకెళ్ళే కెరోటిడ్ ధమని, దాన్ని ఆనుకుని ఆరో నాడి. ఇంత ఇరుకు చోట వాపు వచ్చినా, రక్తం గడ్డకట్టినా ఒక్క నరంతో ఆగదు. నుదురు మొద్దుబారడం, రెప్ప వాలిపోవడం, ఒకటి రెండుగా కనబడటం కలిసి వస్తాయి. ముక్కు పక్కన, పై పెదవి మీద వచ్చే సెగ్గడ్డల్ని గిల్లొద్దని పెద్దవాళ్ళు అనేది ఊరికే కాదు. అక్కడి సిరలు కంటి సిరల మీదుగా ఈ మడుగుతో కలుస్తాయి.

అక్కణ్ణుంచి నరం చంద్రవంక ఆకారంలో ఉండే ఒక ముడిలోకి వెళ్తుంది. మూడు పాయలూ కలిసేది ఇక్కడే. ఈ ముడి కూర్చున్న గుంటను 1748లో యోహాన్ ఫ్రీడ్రిష్ మెకెల్ వర్ణించారు, అందుకే దాన్ని మెకెల్ గుహ అంటారు. ముడికి గాసర్ అనే గురువు పేరును ఆయన శిష్యుడు హిర్ష్ 1765లో పెట్టారు. మన ముఖం తాలూకు స్పర్శ నాడీకణాల కణదేహాలు దాదాపు అన్నీ ఈ ముడిలోనే ఉంటాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, సర్పి (హెర్పిస్ జోస్టర్) గురించి చెప్పేటప్పుడు మళ్ళీ దీని దగ్గరకే వస్తాం.

ముడి దాటాక కబురు మెదడు కాండంలోని పాన్స్ అనే భాగంలో ప్రవేశిస్తుంది. నొప్పి పోగులు అక్కణ్ణుంచి కిందికి, మెడ పైభాగం దాకా దిగి, అక్కడ మారి, రెండో వైపుకు దాటి పైకి వెళ్తాయి.

మూడు కొమ్మలన్నారు, ఒక్కొక్కటీ ఏం చేస్తుంది?

అన్నిటికన్నా పెద్దది ఫ్రాంటల్ కొమ్మ. దీన్ని మీ వేలితోనే పట్టుకోవచ్చు. కనుబొమ్మ కింద ఎముక అంచు మీద చూపుడు వేలు పెట్టి, ముక్కు వైపు నుంచి బయటికి నెమ్మదిగా జరపండి. మూడో వంతు దూరం వెళ్ళేసరికి చిన్న నొక్కు తగులుతుంది. కొంతమందికి నొక్కు బదులు చిల్లు ఉంటుంది, అది వేలికి అంతగా అందదు. అక్కడ కాస్త గట్టిగా నొక్కితే నుదుటి మీదుగా జివ్వుమంటుంది. అదే ఫ్రాంటల్ కొమ్మ పెద్ద చీలిక, సుప్రాఆర్బిటల్ నరం. అది నుదురెక్కి మాడు దాటేదాకా పాకుతుంది. అంటే మీరు బొట్టు పెట్టుకునే చోటు, పాపిడి తీసే చోటు, దిష్టి చుక్క పెట్టే నుదుటి మూల, అన్నీ కంటి నరం ఇలాకాలోవే.

లాక్రిమల్ కొమ్మ చిన్నది. కంటి బయటి మూలకి, పై రెప్ప చివరకి, కన్నీటి గ్రంథికి వెళ్తుంది. తమాషా ఏమిటంటే, కన్నీరు కార్చమనే ఆజ్ఞ ఈ నరానిది కాదు. ఏడో నాడి నుంచి వచ్చిన పోగులు దారిలో దీన్ని పట్టుకుని గ్రంథి దాకా వెళ్తాయి. ఊళ్ళో బంధువులకి ఆర్టీసీ బస్సు డ్రైవర్ చేతికి సంచీ ఇచ్చి పంపుతామే, అలాగ.

మూడోది నేసోసిలియరీ. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, అన్నిటికన్నా భయపెట్టేదీ ఇదే. కనుగుడ్డు లోపలికి వెళ్ళేది ఇదొక్కటే. గూటిలో చూపు నరం మీదుగా అడ్డంగా దాటి ముక్కు వైపుకు వెళ్తూ, దారిలో రెండు మూడు సన్నటి పోగుల్ని కనుగుడ్డుకు ఇస్తుంది. కార్నియాకు, కనుపాప చుట్టూ ఉండే రంగు పొరకు స్పర్శ వాటి నుంచే. తర్వాత ముక్కు గోడలోకి దిగి, మళ్ళీ బయటికొచ్చి, ముక్కు కొన మీద చర్మంలో ముగుస్తుంది. కన్ను లోపలా ముక్కు కొనా ఒకే కొమ్మ మీద ఉన్న రెండు ఆకులు.

నలక పడితే ప్రాణం పోయినట్టు ఎందుకు ఉంటుంది?

కార్నియా అంటే నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర. పాఠ్యపుస్తకాల్లో శుక్లపటలం అంటారు. ఆ మాట వింటే మన జనానికి శుక్లాల ఆపరేషన్ గుర్తొస్తుంది, అందుకని నేను కార్నియా అనే అంటాను. దాని మందం మధ్యలో సుమారు అర మిల్లీమీటరు. వెలుగు దూరాలి కాబట్టి అందులో రక్తనాళం ఒక్కటీ లేదు. నరాల కొసలు మాత్రం చర్మంలో కన్నా కొన్ని వందల రెట్లు కిక్కిరిసి ఉంటాయి. పైపొరలో కణాల మధ్యకి దూరి, దాదాపు ఉపరితలం దాకా వచ్చి ఆగుతాయి. ఆర్కే బీచ్‌లో సాయంత్రం గాలికి లేచిన ఒక్క ఇసుక రేణువు అరచేతి మీద పడితే తెలియనే తెలియదు. కంట్లో పడితే మోకాళ్ళ మీద కూలబడతాం.

ఆ నొప్పితో పాటే ఇంకో పని జరుగుతుంది. కబురు మెదడు కాండానికి చేరగానే, మనం ఆలోచించుకునే లోపు, ఏడో నాడి ద్వారా రెప్పలకు ఆజ్ఞ వస్తుంది. నలక ఒక కంట్లో పడినా రెండు రెప్పలూ వాలతాయి. కన్నీరు ఉబుకుతుంది. కోమాలో ఉన్న మనిషి కార్నియాను డాక్టరు దూది కొసతో తాకి చూసేది ఈ దారి బతికి ఉందో లేదో తెలుసుకోవడానికే.

దయచేసి నులమకండి. శుభ్రమైన నీళ్ళలో కన్ను తెరిచి మూస్తూ కడగండి. చీర కొంగుతో తీయడం, నాలుకతో తీయించడం వద్దు. పోకపోతే రండి.

నలక తీసేశారు కదా, ఇంకా ఉన్నట్టే ఉందేం?

అది గీత. నలక పోయినా అది గీసిన చోట నరాల కొసలు తెరుచుకుని ఉంటాయి. పైపొర మామూలుగా ఒకటి నుంచి మూడు రోజుల్లో పూడుకుంటుంది.

ఉల్లిపాయ కోస్తే, కారం పడితే?

ఉల్లిపాయ కణాలు చిట్లినప్పుడు గంధకం కలిసిన ఒక ఆవిరి పుడుతుంది. అది కార్నియా కొసల్ని రేపుతుంది, నరం అపాయం అని కబురు పంపుతుంది, కన్నీరు వచ్చి కడిగేస్తుంది. కారం సంగతి ఇంకా విచిత్రం. మిరపలోని కాప్సైసిన్ అంటుకునేది వేడిని పసిగట్టే గ్రాహకానికి. అది తెరుచుకోగానే నిప్పు తగిలిందని మెదడు అనుకుంటుంది. "కళ్ళల్లో నిప్పులు పోసినట్టుంది" అని మన ఆడవాళ్ళు అనే మాట అక్షరాలా నిజం. ఈ గ్రాహకాన్ని కనుక్కున్నందుకు డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది, స్పర్శ గ్రాహకాలను కనుక్కున్న ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర స్టైరిన్ ఆవిరి లీకైనప్పుడు జనం పడ్డ బాధల్లో కళ్ళ మంట ఒకటి. గాలిలో విషం ఉందని కంటికి కనబడకపోయినా కంటి నరానికి తెలుస్తుంది. అలాంటప్పుడు మంటను ఓర్చుకుని అక్కడే ఉండకూడదు, దూరంగా వెళ్ళిపోవాలి, తర్వాత కళ్ళు కడుక్కోవాలి.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. పిల్లల కళ్ళల్లో తాంబూలం సున్నం పడటం నేను చూశాను. డబ్బా నొక్కితే చిమ్ముతుంది. సున్నం కార్నియాను కాల్చేస్తుంది. ఆటో కోసం వెతకడానికి ముందే, ఉన్నచోటే, కుళాయి కింద కనీసం అరగంట కడగండి. రెప్ప తిప్పి లోపల ఇరుక్కున్న సున్నం కూడా పోవాలి. ఆసుపత్రికి ఆ తర్వాతే బయలుదేరండి.

ఏసీ ఆఫీసులో సాయంత్రానికి కళ్ళు గరగరలాడతాయి. దీనికీ ఈ నరానికీ సంబంధం ఉందా?

ఉంది. రుషికొండ, మధురవాడ వైపు ఐటీ ఆఫీసుల నుంచి వచ్చే పిల్లలు ఎక్కువగా అడిగేది ఇదే. రెప్ప తెరిచిన ప్రతిసారీ కన్నీటి పొర కొద్దిగా ఆవిరవుతుంది, కార్నియా కొద్దిగా చల్లబడుతుంది. ఆ చల్లదనాన్ని పట్టుకునే కొసలు విడిగా ఉన్నాయి. "పొర పలచబడుతోంది, రెప్ప వెయ్యి, కాస్త తడి పంపు" అని రోజంతా చెప్పేవి అవే. మానిటర్‌ను గుచ్చి చూసేటప్పుడు మనం రెప్ప వేయడం తగ్గిపోతుంది, ఏసీ గాలి పొరను లాగేస్తుంది. బయట విశాఖ గాలి తడిగానే ఉన్నా, లోపల రోజుకు పది గంటలు ఎడారిలో కూర్చున్నట్టే. ఏసీ గాలి ముఖానికి తగలకుండా కుర్చీ జరుపుకోండి, పని మధ్యలో కళ్ళు పూర్తిగా మూసి తెరవండి. అప్పటికీ తగ్గకపోతే చుక్కలు.

లేసిక్, అంటే అద్దాలు తీసేయడానికి చేసే లేజర్ ఆపరేషన్, చేయించుకున్నవాళ్ళకు పొడిదనం ఎక్కువ రావడానికి కారణం కూడా ఇదే కోవలోది. ఆ ఆపరేషన్‌లో కార్నియా మీద పొరను రేకులా లేపేటప్పుడు అందులోని నరాలు తెగుతాయి, అవి మళ్ళీ అల్లుకోవడానికి నెలలు పడుతుంది.

పగలు వెల్డింగ్ చేస్తే అర్ధరాత్రి కళ్ళు మండుతాయి ఎందుకు?

గాజువాక, ఆటోనగర్ వైపు నుంచి తెల్లవారుజామున ఒకరి భుజం పట్టుకుని ఒకరు నడిచి వస్తారు, కళ్ళు తెరవలేక. వెల్డింగ్ మెరుపులో ఉండే అతినీలలోహిత కిరణాలు కార్నియా పైపొరను కాలుస్తాయి. ఎండలో తిరిగితే చర్మం సాయంత్రానికి మండినట్టు, ఇది కూడా 6 నుంచి 12 గంటల తర్వాత బయటపడుతుంది. అప్పటికి పైకణాలు రాలి నరాల కొసలు తేలతాయి. ఒకటి రెండు రోజుల్లో మామూలుగా మానిపోతుంది.

ప్రమాదం మంటలో లేదు, మంట ఆపడానికి వేసే చుక్కల్లో ఉంది. మేం పరీక్ష కోసం వేసే మత్తు చుక్క అర నిమిషంలో పనిచేస్తుంది, పావుగంట ఉంటుంది. కంటికి మత్తు చుక్క వాడొచ్చని 1884లో కార్ల్ కోలర్ కొకైన్‌తో నిరూపించిన దగ్గర్నుంచి కంటి ఆపరేషన్ల రూపమే మారిపోయింది. ఇప్పుడు శుక్లాల ఆపరేషన్ కూడా చాలామందికి సూది లేకుండా చుక్కలతోనే అవుతోంది. అంత గొప్ప మందు. అదే మందును ఇంట్లో గంట గంటకీ వేసుకుంటే పైపొర మానదు, కార్నియా పుండు పడి కరగడం మొదలవుతుంది. ఒక కుర్రాడు తోటి పనివాడి దగ్గర తెచ్చుకున్న సీసా పది రోజులు వాడాడు. "నొప్పే లేదు మేడమ్, మసక మాత్రమే" అన్నాడు. ఆ మసక ఈ రోజుకీ పూర్తిగా పోలేదు. "వేసిన వెంటనే హాయిగా ఉండే చుక్కలు" ఎవరైనా ఇస్తే, తీసుకోవద్దు.

సర్పి నుదుటి మీద వస్తే కంటికి ప్రమాదమా?

అవును, దీని గురించి నేను ఎంత చెప్పినా తక్కువే.

సర్పి కొత్తగా అంటుకునే జబ్బు కాదు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు వచ్చిన వైరసే, పొక్కులు మాడిపోయాక నరాల ముడుల్లో నక్కి కూర్చుంటుంది. ఇందాక చంద్రవంక ముడి అన్నానే, అది దానికి అచ్చొచ్చిన చోటు. నలభై, యాభై ఏళ్ళ తర్వాత ఒంట్లో శక్తి తగ్గినప్పుడు లేచి, ఒక నరం వెంట చర్మం దాకా వస్తుంది. ఆఫ్తాల్మిక్ పాయ వెంట వస్తే సరిగ్గా ఆ నరం ఇలాకాలోనే పొక్కులు లేస్తాయి: నుదురు, పై రెప్ప, మాడు, ఒక్క పక్కన మాత్రమే. నడినెత్తి మీద గీత గీసినట్టు ఆగిపోతుంది. సర్పి తల, తోక కలిస్తే ప్రాణం పోతుందని మన దగ్గర ఒక భయం ఉంది. ఒక పక్క నరం రెండో పక్కకు రాదు కాబట్టి అలా చుట్టుకోవడం మామూలుగా జరగదు. భయపడాల్సింది కంటి గురించి.

మా నాన్నకు 67వ ఏట వచ్చింది. మొదటి రెండు రోజులు పొక్కుల్లేవు, కుడి నుదుటి మీద నొప్పి ఒక్కటే. దువ్వెన తగిలితే కేకపెట్టేవారు, తలకు తువ్వాలు చుట్టుకోలేకపోయారు. మెడికల్ షాపులో తలనొప్పి మాత్రలు ఇచ్చారు. పొక్కులు లేచాక తెలిసినవాళ్ళెవరో సర్పి అని గుర్తుపట్టి పసరు పూశారు. నేను అప్పుడు క్యాంపులో ఉన్నాను. ఫోన్‌లో "ఏం లేదమ్మా, వేడి చేసింది" అన్నారు. నాలుగో రోజు వచ్చి చూసేసరికి రెప్ప వాచి కన్ను మూసుకుపోయింది, ముక్కు కొన పక్కన రెండు నీటి పొక్కులు. ఆ రెండు పొక్కులు చూసి నా కాళ్ళు వణికాయి. ఎందుకో కింద చెబుతాను.

పొక్కులు మొదలైన 72 గంటల లోపు మందు పడాలి. పెద్దవాళ్ళకు మామూలుగా అసైక్లోవిర్ 800 మిల్లీగ్రాములు, రోజుకు ఐదుసార్లు, 7 నుంచి 10 రోజులు ఇస్తారు. కిడ్నీ జబ్బు ఉంటే డాక్టరు మోతాదు తగ్గిస్తారు, మీ అంతట మీరు మింగకండి. గడువు దాటినా కంటికి సోకితే మందు మొదలుపెడతారు, కాబట్టి "ఎలాగూ ఆలస్యమైంది" అని మానేయకండి. 50 దాటినవాళ్ళకు సర్పి రాకుండా కొత్త టీకా 2023లో మన దేశంలోకి వచ్చింది. రెండు డోసులు, మధ్య రెండు నుంచి ఆరు నెలల ఎడం. ఖరీదు ఎక్కువే. అయినా అమ్మానాన్నల కోసం ఒకసారి మీ డాక్టరును అడగండి.

ముక్కు కొన మీద పొక్కుకు కంటితో ఏం సంబంధం?

పైన చెప్పిన నేసోసిలియరీ కొమ్మ గుర్తుందా? ముక్కు కొనకూ కనుగుడ్డు లోపలికీ వెళ్ళేది అదే. వైరస్ ముక్కు కొన మీద పొక్కుగా తేలిందంటే ఆ కొమ్మ పట్టుబడిందని అర్థం, కాబట్టి కన్ను కూడా పట్టుబడే అవకాశం బాగా ఎక్కువ. 19వ శతాబ్దంలో జోనాథన్ హచిన్సన్ అనే లండన్ డాక్టరు ఇది గమనించారు, నేటికీ హచిన్సన్ గుర్తు అనే అంటాం. ముక్కు మీద పొక్కు లేకపోయినా కంటికి రావచ్చు. కాబట్టి నుదుటి సర్పి ఉన్న ప్రతి ఒక్కరూ కన్ను చూపించుకోవాలి, ముక్కు పొక్కు ఉంటే ఆ రోజే.

విశాఖలో ఎక్కడ చూపించుకోవాలి?

వాల్తేరులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. హనుమంతవాక దగ్గర ఎల్.వి. ప్రసాద్, వేపగుంటలో శంకర్ ఫౌండేషన్ ఉన్నాయి. కంటితో పాటు ఒళ్ళు కూడా బాగా లేకపోతే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి). మీకు దగ్గరగా ఉన్న కంటి డాక్టరైనా సరే, ఆ రోజే వెళ్ళడం ముఖ్యం.

కన్ను వెనక నొప్పి వస్తే అద్దాలు మార్చాలా?

ఒకసారి పరీక్ష చేయించుకోండి. చాలాసార్లు నంబరు సరిగ్గానే ఉంటుంది. ఆఫ్తాల్మిక్ నరం పుర్రె లోపల ఉండగానే ఒక పోగును వెనక్కి, మెదడు పొరలకు పంపుతుంది. ఆ పొరల్లో, అక్కడి రక్తనాళాల్లో నొప్పి పుడితే మెదడుకు చేరే దారి ఇదే కాబట్టి, నొప్పి కన్ను వెనకా నుదుటి మీదా ఉన్నట్టు అనిపిస్తుంది. ఒంటిచెంప తలనొప్పి, అంటే మైగ్రేన్, కంటి దగ్గర పొడిచేది ఇందుకే. నొప్పి పోగులు మెడ పైభాగం దాకా దిగుతాయని చెప్పాను. మెడ నరాల కబురూ అక్కడికే వస్తుంది. అందుకే మెడ పట్టేసినవాళ్ళు "కన్ను లాగుతోంది" అంటారు. వాళ్ళు కల్పించి చెప్పడం లేదు, ఇంట్లోవాళ్ళు నమ్మాలి.

ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి వచ్చి రెప్ప వాలినా, ఒకటి రెండుగా కనబడినా, నొప్పితో కన్ను ఎర్రబడి దీపం చుట్టూ రంగుల వలయాలు కనబడినా మైగ్రేన్ అనుకుని పడుకోకండి. వెంటనే ఆసుపత్రికి.

కన్ను నొక్కితే గుండె నెమ్మదిస్తుందట, నిజమేనా?

నిజమే. కంటి నుంచి ఈ నరం ద్వారా వెళ్ళిన కబురు పదో నాడి మీదుగా గుండెకు చేరుతుంది. 1908లో ఆష్నర్, డాగ్నీనీ అనే ఇద్దరు వైద్యులు దీని గురించి విడివిడిగా రాశారు. పిల్లల మెల్లకన్ను ఆపరేషన్‌లో కంటి కండరం లాగినప్పుడు గుండె వేగం పడిపోవడం మత్తు డాక్టర్లకు అలవాటైన సంగతే. లాగడం ఆపితే సర్దుకుంటుంది, అవసరమైతే గుండె వేగం పెంచే అట్రోపిన్ ఇస్తారు. గుండె దడ తగ్గుతుందని ఇంట్లో కళ్ళు నొక్కుకోవడం మాత్రం ఎవరూ చేయకూడదు.

కన్ను ఎర్రగా ఉంది కానీ నొప్పి లేదు. అంటే మంచిదే కదా?

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టే మాట ఇదే. ఎర్రటి కన్ను, మధ్యలో తెల్లటి మచ్చ, మనిషి మాత్రం నవ్వుతూ కూర్చుంటే నాకు వెంటనే వచ్చే అనుమానం, స్పర్శ పోయిందేమో అని.

కార్నియాకు రక్తనాళాలు లేవని చెప్పాను. దాని పైపొర బతకడానికి, మానడానికి నరాల కొసలు వదిలే పదార్థాలు కావాలి. నరం పోతే కొత్త కణాలు సరిగ్గా పుట్టవు, రెప్ప వేయడం తగ్గుతుంది, కన్నీరు తగ్గుతుంది. ఏ కారణం లేకుండానే పుండు పడుతుంది, పడినా తెలియదు. త్రిధార నాడిని కోస్తే కార్నియా పాడవుతుందని ఫ్రాన్స్‌లో మజాండీ అనే శాస్త్రవేత్త 1824లోనే జంతువుల్లో చూపించారు. నేడు మనం చూసే కారణాలు సర్పి, కార్నియాకు వచ్చే మామూలు హెర్పిస్, చాలాకాలంగా ఉన్న షుగరు, పుర్రె లోపల గడ్డలు, వాటి ఆపరేషన్లు, మత్తు చుక్కల దుర్వినియోగం.

పరీక్షకు పెద్ద మెషిన్ అక్కర్లేదు. దూదిని మెలిపెట్టి సన్నటి కొస చేసి, రోగిని పైకి చూడమని, పక్క నుంచి కార్నియాకు తాకిస్తాం. మత్తు చుక్క వేయకముందే చేయాలి, ఆ తొందరపాటు నేను కొత్తలో చేశాను. వైద్యంలో చుక్కలు, రోగి రక్తం నుంచి చేసే సీరం చుక్కలు, రెప్పల్ని కొంత కుట్టి కన్నును కాపాడటం ఉన్నాయి. నరం పెరగడానికి తోడ్పడే సెనెజెర్మిన్ అనే చుక్కల మందుకు అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. బాగున్న పక్క నుదుటి నరాన్ని తెచ్చి స్పర్శ పోయిన కార్నియాకు అల్లే ఆపరేషన్ కూడా కొన్ని చోట్ల చేస్తున్నారు.

పోయిన స్పర్శ తిరిగి వస్తుందా?

కొందరికి కొంత. ఎంత వస్తుందో ముందుగా చెప్పలేం.

నాన్న పొక్కులు మూడు వారాల్లో మాడిపోయాయి. నుదుటి పోటు మాత్రం ఐదు నెలలు ఉంది, దానికి విడిగా మాత్రలు వాడారు. కుడి కన్ను మొద్దుబారింది. నెలకోసారి నేనే దూది కొస తాకించేదాన్ని. "పెట్టావా?" అని అడిగేవారు, అప్పటికే పెట్టి తీసేసి ఉండేదాన్ని. రోజుకు ఎనిమిదిసార్లు చుక్కలు, పడుకునేటప్పుడు ఆయింట్‌మెంట్, బయటికి వెళ్తే పక్కలు మూసిన అద్దాలు. ఉదయం బీచ్ రోడ్డు నడక కొన్నాళ్ళు మాన్పించాను, ఆ ఉప్పుగాలిలో ఇసుక రేణువు పడినా ఆయనకు తెలియదని. ఎనిమిదో నెలలో ఒక ఆదివారం, హాల్లో కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఎప్పటిలాగే దూది తాకించాను. రెప్ప సగం వాలింది. నాన్న నా చెయ్యి పక్కకు తోసి, "ఏంటమ్మా, గుచ్చావు" అన్నారు.